మీ నూతి నీళ్ళు

సుబ్బూ,

నిన్న నీ సంవత్సరీకానికి ఉప్పలగుప్తం వెళ్ళాను. మన ఇంటర్నెట్ గ్రూపులో నిన్ను ఇంకా తలుచుకుంటున్నారు. రొయ్యల చెరువుల వల్ల నూతులు ఉప్పెక్కవని నువ్వక్కడ సైన్సు చెప్పి వాదిస్తుంటే, కాదన్నవాళ్ళని నీ తరఫున మూర్ఖులని తిట్టాను. నీ మాట మీదే మా చేలోనూ చెరువు తవ్వించాను. ఈ ఏడు మా నూతి నీళ్ళు నోట పెట్టుకునేలా లేవు.

భోజనాల దగ్గర మీ ఆవిడ డబ్బా నీళ్ళు పోసింది. “నుయ్యి ఉందిగా అమ్మా?” అన్నాను.

“ఆయ్, ఉందండి. చెరువులు తవ్వేక ఉప్పెక్కిపోయిందండి. ఆయన బతికుండగానే కొనుక్కుని తాగేవాళ్ళమండి, అన్నయ్యగారూ.”

నేనెప్పుడొచ్చినా మంచినీళ్ళు అడిగేలోపే గుమ్మంలోనే కొబ్బరిబొండం కొట్టి చేతికిచ్చేవాడివి. మర్యాదనుకున్నానురా.