ఇంట్లోనే మర్చిపోయిన దగ్గు

అబ్బాయికి,
నీ చెల్లెలి ఇంట్లో నేనూ నీ కూతురూ కులాసా. ఇక్కడికొచ్చిన వారానికే పిల్లకి ఛాతీలో గురగుర పోయింది. నిన్న అరటిపండు తిని, ఫ్రిజ్ నీళ్లు తాగి, "నాయనమ్మా, నా దగ్గు మనింట్లోనే మర్చిపోయి వచ్చామా?" అంది. ఆ రెండింటివల్లే కఫమని ఏడాదిగా దాని నోరు కట్టేశాం కదా!

ఇక్కడి డాక్టరమ్మని అడిగితే, "ఇంట్లో సిగరెట్ ఎవరు కాలుస్తారు?" అంది.

"మావాడే. కిటికీ దగ్గరే నిలబడి కాలుస్తాడమ్మా" అని నిన్ను వెనకేసుకొచ్చాను.

"పొగకి ఆ మర్యాద తెలుసా అమ్మా?" అని, సంగతి విప్పి చెప్పింది.

పొగ తగిలితే ఊపిరి గొట్టాలు దాన్ని కడిగేసుకోవాలని అవసరానికి మించి కఫం ఊరిస్తాయట. ఆ గొట్టాల లోపల కఫాన్ని పైకి ఊడ్చే సన్నటి నూగునీ ఆ పొగే చచ్చుబరుస్తుందట. చెత్త పోసేదీ నువ్వే, చీపురు విరిచేదీ నువ్వే, నింద అరటిపండుకి!

వంటింటి కుళాయి బాగుచేయించావా? పరదాలన్నీ ఉతికించు, పొగ కంపు కొడుతున్నాయి. సిగరెట్లు మానేశానని కార్డు రాయి, మర్నాడే పిల్లతో బయల్దేరతాను. అందాకా అది మర్చిపోయి వచ్చిన దగ్గుని నువ్వే సాకు.

కోడలికి ఆశీస్సులు. నీవి ఆ కార్డు అందాక.

అమ్మ