వీరుడికి ఊరు, యోస్ట్‌కి వీధి

మిస్సోరి నది ఒడ్డు, మార్చి 1838

ఫిలడెల్ఫియా వలస సంఘం కార్యదర్శి అయ్యగారికి ఒట్టీలియే దండాలు.

నాకు రాత అంతంత మాత్రం, తప్పులుంటే సర్దుకోండి. మన ఊరికింకా పేరు పెట్టలేదట. మా యోస్ట్ పేరు పెట్టండయ్యా. పంతొమ్మిదేళ్లవాడు. ఇక్కడ మొదటి ద్రాక్షతీగ నాటింది వాడే, జ్వరమొచ్చి మొదట పోయిందీ వాడే. వాడి దగ్గర కూర్చుంటే నది మొత్తం కనబడుతుంది. మీ పటంలో పెద్దవీధి వాడి సమాధి మీదుగా గీశారట. ఊరే వాడిదైతే సమాధి ఎవరు తవ్వుతారు?

ఇట్లు, యోస్ట్ తల్లి.

తా.క.: ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు పంపుతున్నాను. లంచం కాదు. అయినా తినండి.

ఫిలడెల్ఫియా, ఏప్రిల్

గౌరవనీయులైన ఒట్టీలియే అమ్మగారికి,

మీ దుఃఖం మాకు తెలుసు. కానీ ఊరి పేరు ఓటు వేసి ఖాయం చేశాం: హెర్మన్. రోమన్ సేనల్ని అడవిలో మట్టి కరిపించిన మన జర్మన్ వీరుడు. పరాయి దేశంలో మనం మనంగా మిగలాలంటే అలాంటి పేరే కావాలి. పెద్దవీధి మా నగరం వీధికన్నా వెడల్పు. పటం అచ్చయిపోయింది. సమాధి జరపక తప్పదు.

భవదీయుడు, ద్రెగర్, కార్యదర్శి.

తా.క.: ఆపిల్ ముక్కలు అందినట్టు రికార్డు చేశాం. ఇప్పుడవి రికార్డులో మాత్రమే ఉన్నాయి.

నది ఒడ్డు, మే

ద్రెగర్ అయ్యగారికి,

హెర్మన్‌గారు ఏ పడవలో వస్తున్నారు? మా గుడిసెలోనే దించుకుంటాను, బంగాళాదుంపల సూపు పెడతాను. వీధి సంగతి ఆయనతోనే మాట్లాడుకుంటా. సేనల్ని గెలిచినవాడు ఒక తల్లి మాట కాదంటాడా? "ఒట్టీ వదినా, ఆయనకి పెళ్లయిందేమో కనుక్కో" అని పొరుగింటి గెర్లిండే ఒకటే పోరు. దాని కూతురికి పాతికేళ్లొచ్చాయి.

మీ రాక కోసం కాదు, ఆయన రాక కోసం చూస్తూ, ఒట్టీలియే.

తా.క.: ఆయన చొక్కా కొలత రాయండి.

ఫిలడెల్ఫియా, జూన్

అమ్మా,

హెర్మన్ పోయి పద్దెనిమిది వందల ఏళ్లయింది. సంఘం తుది తీర్మానం: వీధి పటంలో ఉన్నట్టే సూటిగా వేయాలి. అంగుళం కూడా పక్కకి వంచరాదు.

చింతిస్తూ, ద్రెగర్.

తా.క.: పెళ్లయింది. కడుపుతో ఉన్న భార్యని రోమన్లు ఎత్తుకుపోయారు. కొడుకు మొహం చూడనేలేదట.

హెర్మన్ ఊరు, జూలై

ద్రెగర్ అయ్యగారికి,

మీ పటం పట్టుకుని మేస్త్రీ గోట్‌లీబ్ వచ్చాడు. పటంలో నేల రొట్టెల పీటలా ఉంది. ఇక్కడ మా యోస్ట్ ఉన్నది కొండ కొమ్మున. వీధి సూటిగా వెళ్లి ఆ కొండ రాతిగోడని గుద్దుకుంది. ఎద్దులు పైకి చూశాయి, మేస్త్రీని చూశాయి, కూర్చున్నాయి. "ఈ వీధిన పోవాలంటే మేకైనా కావాలి, దేవదూతైనా కావాలి వదినా!" అన్నాడు గోట్‌లీబ్. పక్కకి వంచొద్దని మీరే రాశారు. పుణ్యముంటుంది, ఆ తీర్మానం మార్చకండి.

ఊరు హెర్మన్‌దే కానివ్వండి. కన్నకొడుకుని చూడని తండ్రి, పాపం. ఆయన పేర కూడా ఓ తీగ యోస్ట్ పక్కన నాటాను. మీ నగరం వీధికన్నా వెడల్పు వీధిలో మావాడు హాయిగా పడుకున్నాడు.

చల్లగా ఉండండి, ఒట్టీలియే.

తా.క.: చొక్కా కొలత మీరు రాయలేదు, వీరుడు కదాని పెద్దదే కుట్టేశాను. మేస్త్రీకి సరిపోయింది. గెర్లిండే కూతురు గుండీలు కుడుతోంది, మూడు రోజులైనా ఇంకా అవలేదు.