నతాలియో మరిచిపోయే మాట

11 మే 1966, బుధవారం

నాన్నను మట్టిలో పెట్టి వచ్చాం. గోతి పక్కన నిలబడి, పోయినవాళ్ళ కోసం కొడుకు చదవాల్సిన ప్రార్థన, కద్దీష్, చదివింది నతాలియో. నాన్న రెండో పెళ్ళి చేసుకున్న మా పిన్నికి మొదటి భర్త వల్ల పుట్టిన కొడుకు. ఆరేళ్ళప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న రక్తం నాది, నాన్న ముక్కు నాది. కద్దీష్ మాత్రం వాడిది. ఆడపిల్లను కదా.

18 మే

ఏడు రోజులూ అయిపోయాయి. చావింట అద్దాలకు కప్పిన దుప్పట్లు తీసేశాం. ఇక పదకొండు నెలలు రోజూ పొద్దున్నే వాడు మా యూదుల గుడి సినగాగ్‌లో నాన్న కోసం చదవాలి. నేను చదవకూడదా అని అక్కడి మతగురువు రబ్బీ గారిని అడిగాను. నువ్వు పైన ఆడవాళ్ళ తెర వెనక కూర్చుని ఆమెన్ అను తల్లీ, ఆ పుణ్యమేమీ తక్కువ కాదు అన్నారు. తక్కువ కాకపోతే ఆ పైన ఆయనే కూర్చోవచ్చుగా.

2 జూన్, ఉదయం 8

వెళ్ళాను. తెర సందులోంచి వాడి వీపు కనిపించింది. నాన్న ఓవర్‌కోటు వేసుకున్నాడు. కోటు కూడా వాడికేనా?

చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా నాన్న వాడి నెత్తిన చెయ్యి వేసి, వీడే నా కద్దీష్ అనేవాడు. నన్ను చూపించి, మా పెర్లా సూప్ బాగా చేస్తుంది అనేవాడు. వంటింటి బల్ల దగ్గర వాడికి ఒక్కొక్క మాటే నేర్పించాడు. నేను పక్కనే బంగాళాదుంపల తొక్క తీస్తూ విన్నాను. వాడికి ఏడాది పట్టింది, నాకు మూడు వారాలు. ఆ సంగతి తెలియకుండానే నాన్న పోయాడు.

అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

20 జూలై

ఇవాళా అనలేదు. ఏడు వారాలైంది. నాన్నకు అందాల్సింది ఆపుతున్నానని తెలుసు. అయినా వాడికి నేను ఆమెన్ అనను.

9 ఆగస్టు

మధ్యలో ఒక మాట దగ్గర ఆగిపోయాడు. కింద అందరూ చూస్తున్నారు, వాడేమో పైకి చూస్తున్నాడు. ఒళ్ళు మండి, ఇంకెవరూ అందుకోకముందే నేను ఆ మాట అందించాను. గట్టిగానే వచ్చింది. వాడు పూర్తి చేశాడు. ఆ ఊపులో ఆమెన్ కూడా అనేశాను.

తర్వాత రబ్బీ గారు గడ్డం నిమురుకుంటూ, మాట అందించడం ప్రార్థన కిందికి రాదులే అన్నారు.

12 అక్టోబర్

మతిమరుపు ముదిరింది. మాట పోయి లైను, లైను పోయి రెండు లైన్లు. తలకాయా, జల్లెడా? రబ్బీ గారు పుస్తకం చేతిలో పెడితే, కళ్ళజోడు తేలేదన్నాడట. వాడు కళ్ళజోడు పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

వాడు ఆగే చోటు వచ్చేదాకా నాకు కాలు నిలవదు.

30 మార్చి 1967

రేపే ఆఖరు. పన్నెండు నెలలూ చదివించుకోవాల్సింది పాపులట, అందుకని నాన్నకు పదకొండుతో ఆపేస్తారు.

పిన్ని ఇంట్లో మాతే టీ తాగుతూ, ఇన్నాళ్ళైనా నీ కొడుక్కి నోటికి రాలేదని దెప్పాను. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"ఎవరికే రానిది? రోజూ బూట్లు పాలిష్ చేసుకుంటూ గడగడా అప్పజెబుతాడు. అక్క ఆమెన్ అనట్లేదమ్మా, ఏదో ఒకటి చెయ్యాలి అన్నాడు అప్పట్లో."

తల కొట్టేసినట్టైంది. దార్లో ఏడుపొచ్చింది. ఇల్లు చేరేసరికి మళ్ళీ కుళ్ళు. మంచితనంలోనూ వాడే ముందు. పెద్దదాన్ని, నాకెందుకు తోచలేదు?

31 మార్చి, శుక్రవారం

వాడు లేచి నిలబడ్డాడు. మొదటి మాటే మరిచిపోయాడు. ఎవరూ అందివ్వలేదు. రబ్బీ గారు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు.

మొదటినుంచి చివరిదాకా నేనే చదివాను.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నతాలియో. ఆ గొంతు అచ్చం నాన్నదే. అది కూడా వాడికే వచ్చింది.