కరుణ చూసిన నల్లపిల్లి

హమద్ టౌన్, నవంబరు 2004, శుక్రవారం రాత్రి

అల్లుడుగారూ, అది కుక్క కాదు. ఇంగ్లండులో చదువుకుంటున్న మన కరుణ హాస్టలు వెనక పొలంలో చూసింది నల్లటి పిల్లినే, చిరుతంత పిల్లిని. కుక్కకీ పిల్లికీ తేడా తెలియకుండా నేను పెంచలేదు దాన్ని.

"ఎవరికీ చెప్పకు అమ్మమ్మా, పిచ్చిదాన్నంటారు" అని నాకొక్కదానికే చెప్పింది. నేను చేసిన నిర్వాకమేమిటి? ఈ గల్ఫు దేశంలో మనకు ఆరాధన శుక్రవారమే కదా, ఇవాళ చర్చిలో ప్రార్థన మనవులు అడగ్గానే లేచి, ఆ మృగం బారి నుంచి పిల్లను కాపాడమన్నాను. పాస్టరుగారు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డ మనసుకు స్వస్థత దయచేయి" అన్నారు. మృగాన్ని వదిలేసి పిల్లను పట్టుకున్నారు. ఇంటికి రాగానే మీరు ఫోన్లో దాన్ని కేకలేశారు.

ఇక నాతో మాట్లాడదట. మీరూ మా అమ్మాయీ డ్యూటీలకు పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేది కరుణ ఫోనొక్కటే. ఆ పిల్లి సంగతి చెప్పినరోజు నవ్వేశాను. నమ్ముతున్నానని మాత్రం చెప్పనేలేదు...

రేపు పొద్దున్నే వీధి చివరి కిరాణా కొట్టుకు, అదే ఇక్కడివాళ్ల కోల్డ్ స్టోరుకు, నేనే వెళ్లి దానికి ఫోన్ చేయడానికి కార్డు కొనాలి. కళ్లద్దాలు మర్చిపోకూడదు, గీకాక వచ్చే నంబరు మరీ చిన్నగా ఉంటుంది.