లేని చెయ్యి, లేని మనిషి

ముత్తంగి,
16 నవంబర్ 2025, ఆదివారం.

మహారాజశ్రీ సుధీర్ సారు గారికి,

కంపెనీల రేకులు ఒత్తే ప్రెస్ షాపుల మీ కింద పనిచేసిన నర్సన్న ఒంటిచేత్తో పెట్టుకునే నమస్కారం. ఇక్కడ నేను, శివమ్మ, బిడ్డ రేఖ క్షేమంగ ఉన్నం. అక్కడ మీ క్షేమం అడగాలె. గని అసలు మీరే లేరని పోయిన నెల మా ఇంటికొచ్చి చెప్పి పోతిరి. లేనోళ్ల క్షేమం ఎట్ల అడగాల్నో తెల్వక ఆ ముక్క ఇడిచిపెడుతున్న.

ఇంకో మాట. ఇన్నేండ్లు మిమ్మల్ని సారూ, మీరూ అన్న. ఆ సుధీర్ సారు ఇప్పుడు లేడంటే ఆ మర్యాద గూడ ఎవరికియ్యాలె? అందుకే ఇక్కడికెళ్లి నువ్వు అంటున్న. కోపం తెచ్చుకోకు. తెచ్చుకోనీకె లోపట ఎవరూ లేరు గద.

ఆనాడు నువ్వు పోయినంక శివమ్మ నన్ను మస్తు తిట్టింది. ప్లాంట్ మేనేజరంతటోడు మన ప్లాస్టిక్ కుర్చీల కూసొని ఏడుస్తుంటె, చాయ్ తాగుమని గూడ అనకుంట గోడ దిక్కు చూసుకుంట కూసున్నవేందని అడిగింది. నేనేం జెయ్యాలె? నువ్వు చెప్పేదంత వింటనే ఉన్న. ధ్యాన శిబిరంల నోరు మూసుకొని, కండ్లు మూసుకొని కూసున్నవట. లోపటికి చూస్తే నేను అనేటోడు ఎక్కడ దొరకలేదట. ఒక ఆలోచన వస్తది, పోతది, ఇంకోటి వస్తది, గంతేనట. బుద్ధుడు ఎప్పుడో ఇదే చెప్పిండట, ఇప్పుడు మెదడును పరీక్ష చేసేటోళ్లు గూడ ఇదే అంటున్నరట. అందుకని ఆనాడు తప్పు చేసిన సుధీరు ఎప్పుడో పోయిండని, ఈ కుర్చీల కూసున్నోడు వేరేటోడని చెప్పినవ్. వాణ్ని మన్నిస్తే నా మనసు గూడ తేలికైతదన్నవ్. ఫోన్ వాడుడు బంద్ చేసిన, ఏమన్న ఉంటే ఉత్తరం రాయమని అడ్రసు ఇచ్చి పోయినవ్.

అబ్బ, ఎంత సులువుగ పోయిండయ్య వాడు! పటాన్‌చెరుల బస్సు దిగినట్టు దిగిపోయిండు.

నాకు ఈ మాట కొత్త గాదు. పోయిన చెయ్యికి నష్టపరిహారం ఇయ్యమని నేనేసిన కేసుల కంపెనీ వకీలు గూడ ఇదే చెప్పిండు. పాత కంపెనీ ఇప్పుడు లేదు, ఓనర్లు మారిండ్రు, గేటు మీద పేరు మారింది, ఇగ ఎవరి మీద కేసు అన్నడు. షెడ్డు అదే. ప్రెస్సు అదే. నా నెత్తురు పడ్డ గోడకు సున్నం ఏసిండ్రు, గోడ గూడ అదే. అయినా కంపెనీ లేదట. ఇప్పుడు నువ్వూ లేవంటివి. అందరు పోయిండ్రు, తాగి చెయ్యి పోగొట్టుకున్న నర్సన్న ఒక్కడే మిగిలిండు.

ఆ తాగి అన్న మాట ఎక్కడికెళ్లి వచ్చిందో మర్చిపోతివేమో, జెర యాది చేస్త. ఆ ప్రెస్సుకు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒత్తితేనే అది దిగాలె, చేతులు దాని కింద ఉండొద్దని. ఆర్డరు జల్దీ పోవాలని నువ్వే వచ్చి ఒక బటన్ల కట్టెముక్క ఇరికిచ్చినవ్. ఒక చేత్తో ఒత్తు, ఒక చేత్తో రేకు పెట్టు, మాల్ రెండింతలు ఎల్లాలె అన్నవ్. వద్దు సార్ అన్న. అన్ననా లేదా? భయమైతే పోరా, గేటు బయట మస్తు మంది నిలబడ్డరన్నవ్. పొద్దు గూకకముందే నా కుడి చెయ్యి పోయింది. నేనింక దవాఖానల ఉండంగనే, నర్సన్ననే కట్టెముక్క పెట్టిండు, తాగి ఉన్నడు అని ఎంక్వైరీల చెప్పినవ్. నా తల్లి మీద ఒట్టు, డ్యూటీల నేను చుక్క ముట్టలే. బళ్లె పిల్లలు తాగుబోతు బిడ్డ అన్నరని రేఖ ఏడ్సుకుంట ఇంటికొచ్చింది. ఆ ఏడుపు నేను సచ్చేదాక మర్వ.

ఇప్పుడు నా చెయ్యి సంగతి ఇను. లేని చెయ్యి నొస్తది. మోచేతి కింద ఏం లేదు, అయినా అక్కడ పిడికిలి బిగుసుకొని ఉంటది, గోర్లు అరచేతిల దిగుతున్నట్టు గుంజుతది. ఎవరికి చెప్పినా నవ్విండ్రు. రేఖ ఇప్పుడు కంది ఊరి కాడున్న పెద్ద కాలేజి క్యాంపస్‌ల హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. అక్కడ మెదడు మీద చదువుకునే నిషిత మేడం కాడికి నన్ను తీస్కపోయింది. ఆమె నవ్వలే. మెదడు మన ఒంటిని బొమ్మ లెక్క గీసుకుంటదట, చెయ్యి పోయినా బొమ్మల చెయ్యి పోదట. అద్దం నిలబెట్టి, మొండి చెయ్యి దాని ఎనుక దాచి, ఎడమ చెయ్యిని అద్దంల చూసుకుంట పిడికిలి తెరువుమన్నది. అద్దంల అది కుడి చెయ్యి లెక్క కనబడుతది. అబద్ధమని తెలిసినా మెదడు నమ్మి, లేని పిడికిలిని ఇడుస్తదట.

నువ్వొచ్చి పోయినంక మళ్ల పోయి అడిగిన, నేను అనేది గూడ గట్ల గీసుకున్న బొమ్మనేనా అని. కావొచ్చన్నది. ఎంత ఎతికినా లోపట కూసొని నడిపించేటోడు ఎవరికీ దొరకలేదన్నది. నువ్వే గెలిచినవనుకున్న. నా మొకం చూసి ఆమెనే మళ్ల చెప్పింది, బుద్ధుడు నేను అనేది లేదన్నడు గని, చేసిన పనికి ఫలితం లేదని ఎన్నడు అనలేదని. ఆ మాట మూట గట్టుకొని ఆటో ఎక్కిన.

అద్దం పని నేను సగంల ఇడిచిపెట్టిన. నొప్పి పోతే నీ మీద కోపం గూడ పోతదేమోనని భయమైంది. అది లేకుంటే నా కాడ ఏముంది? అందుకే నొప్పి అట్లనే ఉంది, ఈ ఉత్తరం రాస్తున్నప్పుడు గూడ. లేని చెయ్యి ఇంత నొస్తుంటె, లేని నువ్వు గూడ జెర నొవ్వాలె గద సుధీరూ.

మన్నింపు అడిగినవ్. ఇస్త. వాడు నువ్వు కాదంటివి, మంచిది. వాడు నీకు చుట్టం గాదు, దోస్తు గాదు. ఈ నెల ఇరవై ఐదున సంగారెడ్డి కోర్టుల నా కేసు ఉంది. నువ్వొచ్చి బోనెక్కి, ఆ సుధీరే కట్టెముక్క పెట్టిండు, ఆ సుధీరే అబద్ధమాడిండు, నర్సన్న తాగలే అని అందరు వినంగ చెప్పు. నౌకరి పోతే వానిది పోతది. ఇజ్జత్ పోతే వానిది పోతది. నీకేంది పరేషాన్? ఇంటికి పోయి మళ్ల కండ్లు మూసుకొని కూసో.

రాలేదనుకో, వాడు ఇంక లోపటనే ఉన్నడని నాకు తెలుస్తది.

ఇట్లు,
ఎక్కడికీ పోని
నర్సన్న

తా.క. పైన ఒక అబద్ధం రాసిన. పాపం నొప్పితోని అంటుండని నువ్వు సర్దుకుంటవేమోనని ఇప్పుడు నిజం చెప్తున్న. నొప్పి లేదు. నిన్న బీరువా తలుపు తెరిచి, దాని అద్దం ఎనుక మొండి చెయ్యి పెట్టి కూసున్న. నీ లెక్క నేను గూడ తేలికైతనేమో చూద్దామని ఎడమ పిడికిలి మెల్లగ తెరిచిన. లేని పిడికిలి గూడ తెరుచుకున్నది. ఇన్నేండ్ల నొప్పి పోయింది. శివమ్మ సంతోషంతోని ఏడ్చింది. నేను కోపాన్ని ఎతుక్కున్న, అది గూడ పోయి ఉంటదని. పోలే. నొప్పి లేకుంట, చల్లగ, అక్కడనే ఉంది. చానా ఏండ్లకు కంటినిండ నిద్రపోయిన. పొద్దున లేచి మొకం కడుక్కొని, మొట్టమొదలు ఈ ఉత్తరం రాయనీకె కూసున్న.