మీవారి విషయం ఇంకా తేలలేదు

ఓడ ప్రమాద స్మారక కార్యాలయం పెద్దలకి,

రేవు వెనక సందులో ఇస్త్రీ కొట్టు నడుపుకునే ఆవిడ నమస్కారాలు. అక్కడ అందరూ కులాసాయే అని తలుస్తాను. మీది మునిగినవాళ్ళ ఆఫీసు కదా, కులాసా అడగొచ్చో లేదో నాకు తెలీదు. తప్పయితే మన్నించండి.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట మా రేవులో బయలుదేరి మీ తీరంలో మునిగిన తెల్ల ఓడ గురించి మీకు తెలిసినంత ఎవరికీ తెలీదన్నారు. మా ఆయన ఆ ఓడలోనే పోయాడు. బోర్డులు రాసే పని ఆయనది. ఆయన పేరూ నా పేరూ ఈ కాగితం వెనక రాశాను. ఇన్నేళ్ళూ మిమ్మల్ని అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగితే పోయాడని రాస్తారేమోనని భయం. ఇప్పుడు పోయాడని రాయకపోతేనే చిక్కు వచ్చింది. ఎదురు కొట్టు గడియారాల మేస్త్రీ నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. నాకు యాభై ఎనిమిది, ఆయనకి అరవై రెండు. నెమ్మదైన మనిషి. వచ్చే నెల పదో తేదీన పెళ్ళి నమోదుకి వెళ్ళాలి. మొదటాయన పోయినట్టు కాగితం తెస్తేనే కుదురుతుందన్నారు.

ఒక్క ముక్క రాసి పంపితే మీ మేలు మరిచిపోను.

ఇట్లు,
ఇస్త్రీ కొట్టు ఆవిడ

తా.క. మేస్త్రీ మంచివాడే గానీ ఏ మాటకైనా జవాబు చెప్పడానికి పావుగంట తీసుకుంటాడు. పెళ్ళి మాట ఎత్తడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మీరు కాస్త తొందరగా రాయండి.

*

ఇస్త్రీ కొట్టు యజమానురాలు గారికి,

తమ ఉత్తరం అందింది. తమకు కలిగిన నష్టానికి మా కార్యాలయం సంతాపం తెలుపుతోంది. అయితే ఈ సంతాపం తాత్కాలికమని గమనించగలరు. కారణం ఏమంటే, "మా ఆయన ఆ ఓడలోనే పోయాడు" అని తమరు రాశారు. వెళ్ళాడనే అర్థంలో పోయారా, చనిపోయాడనే అర్థంలో పోయారా అన్నది స్పష్టంగా లేదు. మొదటి రకం పోవడానికి తెల్ల ఫారం, రెండో రకం పోవడానికి నీలం ఫారం ఉన్నాయి. వారు ఏ రకంగా పోయారో తెలియజేస్తే తగిన ఫారం పంపుతాం.

ఇట్లు తమ విధేయుడు,
జాబితా గుమాస్తా

తా.క. నీలం ఫారాలు నిండుకున్నాయి. వారు మొదటి రకంగా పోయి ఉంటే ఇరుపక్షాలకూ సౌకర్యంగా ఉంటుంది.

*

గుమాస్తా గారికి,

ఇస్త్రీ కొట్టు ఆవిడ నమస్కారాలు. మా ఆయన రెండు రకాలుగానూ పోయాడండీ. ముందు ఆ రకంగా పోయాడు, ఓడ మునిగాక ఈ రకంగా పోయాడు. మొదటిది మా రేవులో అందరూ చూశారు. రెండోది పేపర్లో పడింది. ఓడ మునిగిందని మొదటి పేజీలో ఇంతంత అక్షరాలతో వేశారు. ఆ పేపరు ఇప్పటికీ బట్టల అలమరలో అడుగున పరిచే ఉంది.

నా పెళ్ళికి ఇరవై ఆరు రోజులే ఉంది. ఏ రంగు ఫారమైనా సరే, పోయాడని రాసి ఉంటే చాలు.

ఇట్లు,
ఇస్త్రీ కొట్టు ఆవిడ

తా.క. మీ సందేహం మేస్త్రీకి కూడా చెప్పాను. "ఆయన పోయిన సంగతి తేల్చమంటున్నారు" అన్నాను. పావుగంట ఆలోచించి, "ఎక్కడికి?" అన్నాడు.

*

ఇస్త్రీ కొట్టు యజమానురాలు గారికి,

తమ తొందర అర్థమైంది. అయినా మీవారి విషయం ఇంకా తేలలేదు. చాలా అడుగున ఉన్నట్టున్నారు. పైన ముప్పై ఏళ్ళ బరువు పేరుకుపోయి ఉంది. నిన్న ఒక మనిషిని కిందికి దింపాం. గంటసేపు వెతికి, ఊపిరాడక పైకి వచ్చేశాడు. చేతికి అందినంత మేర చూశానని, కొన్నిచోట్ల ఎలుకలు కొరికాయని, తడికి అంచులు చివికాయని చెప్పాడు. రేపు లాంతరుతో మళ్ళీ దింపుతాం. తేలిన వెంటనే తెలియజేస్తాం.

ఇట్లు తమ విధేయుడు,
జాబితా గుమాస్తా

తా.క. మొత్తం ఒక్కసారే పైకి రాకపోవచ్చు. ముక్కలుగా వచ్చినా స్వీకరించగలరా?

*

గుమాస్తా బాబూ,

మీ ఉత్తరం చదివాను. ముప్పై ఒక్క ఏళ్ళ తరవాత కూడా ఆయన కోసం సముద్రంలోకి మనిషిని దింపారంటే మీది ఆఫీసు కాదు, దేవుడి గది. ఆ దిగిన ఆయన చల్లగా ఉండాలి. ఒంటికి రాసుకోవడానికి నూనె సీసా, తలకి ఉన్ని టోపీ వేరే పార్సిలులో పంపాను. చెవులు మూసుకునేలా వేసుకోమనండి. ఎలుకలంటున్నారు గానీ అంత లోతులో ఎలుకలేమిటి బాబూ, చేపలై ఉంటాయి. సరిగ్గా చూడమనండి.

గుర్తు చెబుతాను. గోధుమరంగు కోటు. ఎడమ మోచేతి దగ్గర అతుకు ఉంటుంది, నేనే వేశాను. కోటు దొరికితే ముడతలతో ఎవరికీ చూపించకండి. ఇటు పంపండి, ఇస్త్రీ చేసి పంపుతాను. ఆయన్ని నలిగిన బట్టలతో నలుగురిలోకి నేనెప్పుడూ పంపలేదు.

ఇట్లు,
ఇస్త్రీ కొట్టు ఆవిడ

తా.క. ముక్కలుగా వద్దు. ఎంత ఆలస్యమైనా మొత్తంగానే పంపండి.

*

ఇస్త్రీ కొట్టు యజమానురాలు గారికి,

తమరు పొరబడ్డారు. మనిషిని దింపింది సముద్రంలోకి కాదు, మా కార్యాలయం కింద ఉన్న పాత ఫైళ్ళ గదిలోకి. అడుగున ఉన్నది తమ భర్త కాదు, వారి కాగితం. ఎలుకలు ఎలుకలే. టోపీ మాత్రం మా మనిషికి బాగా సరిపోయింది.

ఇక అసలు విషయం తేలింది. ఓడలో దొరికిన జాబితా పుస్తకంలో నూట యాభై అయిదు మంది పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కనా "మ" అనో "బ" అనో ఉంది. "మ" అంటే మునిగినవారు, అరవై ఒక్కరు. "బ" అంటే బతికినవారు, తొంభై నలుగురు. మా ఫలకాలు రెండూ ఆ పుస్తకాన్ని బట్టే రాయించాం. తమ భర్త పేరు పక్కన "బ" ఉంది. అంటే బతికినవారు. కాబట్టి పోయినట్టు కాగితం ఇవ్వలేం.

అదీకాక ఆ కింది వరసలో తమ పేరు ఉంది. దాని పక్కన "మ" ఉంది. తమరు ముప్పై ఒక్క ఏళ్ళ కిందటే మునిగిపోయారు. మునిగినవారి దరఖాస్తులు మేము స్వీకరించం. ఇంతవరకూ ఉత్తరాలు నడపడం మా పొరపాటు.

ఇట్లు విధేయుడు,
జాబితా గుమాస్తా

తా.క. నొచ్చుకోకండి. మునిగిన అరవై ఒక్కరిలో నలభై నలుగురు బతికే ఉన్నామని ఉత్తరాలు రాశారు. వారి పేర్లు తీయాలంటే మా సంఘం అధ్యక్షులు సంతకం చేయాలి. వారు కూడా మునిగినవారిలోనే ఉన్నందువల్ల ఆ సంతకం చెల్లదు. పాపం, రోజూ వచ్చి కూర్చుని వెళుతుంటారు.

*

గుమాస్తా గారూ,

నేను మునిగిపోతే ఈ వీధిలో చొక్కాలన్నీ ఎవరు ఇస్త్రీ చేస్తున్నట్టు?

నేను ఆ ఓడ ఎక్కనే లేదు. టికెట్లు ఇద్దరికీ తీసుకున్న మాట నిజం. మీ ఊళ్ళో బోర్డులు రాసే పని ఎక్కువని కాపురం అక్కడికి మార్చేద్దామనుకున్నాం. ఓడ నిచ్చెన సగం ఎక్కాక పెట్టె లోంచి ఎర్రరంగు కారుతోంది. తెరిచి చూద్దును గదా, నేను రెండు రోజులు నిలబడి ఇస్త్రీ చేసి సర్దిన బట్టల మీద ఈయన రంగు డబ్బా పడుకోబెట్టాడు. మూత ఊడింది. తెల్లచీర ఒక్కటి మిగల్లేదు. "ఎరుపు నీకు బాగానే ఉంటుందిలే" అన్నాడు. అంతే, నిచ్చెన దిగిపోయాను. నాలుగు మాటలు అన్నాను కూడా.

అది సరే. మీరు రాసిన ఆ "బ" సంగతి చెప్పండి. పోయాడనుకున్నాను కాబట్టి ఏడ్చి, లేచి, కొట్టు తెరిచి బతికాను. బతికుండి రాలేదంటే ఎలా బతకాలి నేను? ఒక చీర కోసం అరిచినందుకు ముప్పై ఒక్క ఏళ్ళు రాకుండా ఉండిపోయాడా? ఇంకో ఇల్లు చూసుకున్నాడా? మూడు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. పెళ్ళికి పదకొండు రోజులుంది. ఎక్కడున్నాడో తెలుసుకోకుండా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేను. దయచేసి వెతకండి.

ఇట్లు,
మునగనిది

తా.క. ఆ టోపీ వెనక్కి పంపండి. నేను సముద్రంలో దిగిన మనిషికి ఇచ్చాను.

*

అమ్మా,

ఈ ఉత్తరం కార్యాలయం తరఫున రాయడం లేదు. నా తరఫున రాస్తున్నాను.

మీ ప్రశ్నతో ఆ ఓడ వంటశాల పెద్దని వెతికి పట్టుకున్నాను. తొంభై ఏళ్ళాయన, గొంతు మాత్రం ఖంగుమంటోంది. పుస్తకం చూపించగానే, "ఇది నా వడ్డన పుస్తకం, మీ దగ్గరికెలా వచ్చింది?" అన్నాడు. "మ" అంటే మళ్ళీ వడ్డించాలట. "బ" అంటే బకెట్ అట. ఓడ ఊగుడుకి కడుపులో తిప్పే వాళ్ళ మంచం పక్కన పెట్టేదట. మునిగినవాళ్ళ మాటేమిటని అడిగాను. ఆయన నవ్విన నవ్వుకి దగ్గు వచ్చి మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. ఓడ ఇసుకమేటలో కూరుకుపోయిందట. నీళ్ళు మోకాలి దాకా. ప్రయాణికులు, కళాసులు, కెప్టెను అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డుకి నడిచి, ఎవరి దారిన వాళ్ళు పోయారట. తరవాత ఓడని కెరటాలు పగలగొట్టాయి. మేము ముప్పై ఏళ్ళుగా రెండో వడ్డన అడిగిన వాళ్ళ ఫలకం ముందు మౌనం పాటిస్తున్నాం.

మీ పేరు పక్కన "మ" ఎందుకుందో కూడా చెప్పాడు. మీవారు పక్క కుర్చీ ఖాళీగా ఉంచి, "మా ఆవిడ వచ్చేస్తుంది, వడ్డించండి" అనేవారట. వడ్డించింది చల్లారిపోయాక, పారేయడం ఇష్టంలేక తనే తినేవారట. రెండు కంచాలు తినేసరికి ఆయనకి బకెట్ అవసరమైంది.

ఇక ఆయన ఎక్కడున్నారంటే, మా వీధి చివర. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఏటా ఒకసారి నా బల్ల ముందు నిలబడే మనిషి. ఆయన ఇచ్చిన కాగితం తీసుకుని, ముద్ర వేసి, అభ్యంతరాల ఫైల్లో పెట్టేవాణ్ణి. చదివింది నిన్ననే. ముప్పై కాగితాలూ ఒకటే మాట:

"అయ్యా, మునిగినవారి ఫలకం మీద మా ఆవిడ పేరు ఉంది. ఆవిడ మునగలేదు. అలిగింది. తను ఉత్తరం రాసేదాకా నన్ను ఇంటి గుమ్మం తొక్కొద్దంది. నా పేరు బతికినవారిలో ఉన్నట్టు ఆవిడ చూసే ఉంటుంది. అయినా రాయలేదంటే కోపం ఇంకా తీరలేదన్నమాట. నేను ఎదురుచూస్తాను గానీ, ఆవిడ పేరు ఆ ఫలకం మీద చూడలేకపోతున్నాను. తీసేయగలరు."

ఇట్లు,
జాబితా గుమాస్తా

తా.క. ఆ ఫలకం రాసింది ఆయనే. అరవై పేర్లు చెక్కుచెదరని రంగుతో రాసి, మీ పేరొక్కటి సుద్దతో రాశారు. వాన పడగానే పోతుంది. మేము కబురుపెట్టి మళ్ళీ రాయిస్తాం. రంగు నాసిరకమని ఫైల్లో రాసుకున్నాం.

*

గుమాస్తా బాబూ,

మీ ఉత్తరం ఇస్త్రీ బల్ల మీదే పెట్టుకుని చదివాను. చదవడం అయ్యేసరికి మేస్త్రీ పెళ్ళి చొక్కా వీపున నల్లగా మూడు మూలల మచ్చ పడింది. ముప్పై ఏళ్ళలో నా చేతిలో కాలిన మొదటి చొక్కా అది. అలాగే నిలబడి ఏడ్చాను. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు చూస్తున్నా ఏడ్చాను.

కోపంలో అన్న మాట పట్టుకుని ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్న మనిషిని ఏమనాలి? పోయాడంటారేమోనని ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క ఉత్తరం రాయని నన్ను ఏమనాలి? ఎవరి తెలివితక్కువ పెద్దదో ఉత్తరాల్లో తేలదు. ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకోవాలి.

మేస్త్రీకి చెప్పాను. ఈసారి పావుగంట పట్టలేదు. "ఆయన్ని రమ్మనండి" అని వెంటనే అనేశాడు. అని, అద్దం కంటికి పెట్టుకుని తల వంచుకుని పని చేసుకుంటున్నాడు. చేతిలో గడియారం లేదు. నాకు చాలా బాధేసింది బాబూ. కొత్త చొక్కా కొని ఇచ్చాను గానీ, దానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు.

ఆ ఫలకం మీద నా పేరు తీయకండి, సుద్దతోనే ఉండనివ్వండి. ఈయనతో మళ్ళీ కాపురం అంటే, అలిగినప్పుడు వెళ్ళడానికి నాకూ ఒక చోటుండాలి.

ఇట్లు,
బోర్డులు రాసే ఆయన పెళ్ళాం

తా.క. నేను ఉత్తరం రాసేదాకా గుమ్మం తొక్కొద్దన్నాను, ఒప్పుకుంటాను. ఎవరికి రాసేదాకా అన్నది మాత్రం చెప్పలేదు. మీకిది అయిదో ఉత్తరం. ఆ మనిషి ఇంకా అక్కడ ఏం చేస్తున్నట్టు?