చెవులు కోసిన గిన్నె

మార్చి 4
ఫిజియో ఒప్పుకున్నాడు. కొండ ఎక్కవచ్చట, మూడు రోజులు నడవవచ్చట. కానీ వీపు మీద ఐదు కిలోలు దాటకూడదు. నడుము ఆపరేషనై ఇంకా ఏడాది కాలేదని గుర్తు చేశాడు. నేనేదో మరిచిపోయినట్టు!

మార్చి 5
వదినకు ఫోన్ చేశాను. వదినంటే మా ఆయన అక్క. కొండలెక్కడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. నువ్వు ఖాళీ చేతులతో రా చాలు, నీ సామాను కూడా నేనే మోస్తాను అంది. వద్దన్నాను. ఎందుకొద్దో చెప్పలేదు.

ఇక్కడ రాసుకోవచ్చు. ఆపరేషనయ్యాక రెండు నెలలు నన్ను లేపి కూర్చోబెట్టింది, స్నానం చేయించింది, జుట్టు దువ్వింది ఆవిడే. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. ఆ విసుక్కోకపోవడమే నేను భరించలేకపోయాను. ఇంక ఆవిడ మీద నా బరువు పడకూడదు. నా తిండి, నా పొయ్యి, నా పక్క అన్నీ ఆ ఐదు కిలోల్లోనే ఇమడాలి, నేనే మొయ్యాలి. లేకపోతే వెళ్లనే వెళ్లను.

మార్చి 9, ఉదయం
డేరాలో నా వంతు సగం, స్లీపింగ్ బ్యాగ్, బట్టలు, తిండి, నీళ్లు. తూస్తే వంటసామానుకు మిగిలింది పావుకిలో. మా వంటింట్లో చిన్న మూకుడే అంతకన్నా బరువుంది.

మార్చి 9, సాయంత్రం
పల్చటి అల్యూమినియం గిన్నె ఒకటి దొరికింది. దాని చెవుల రివెట్లు కోసి రెండు చెవులూ ఊడదీశాను. నేను పనిచేసేది కళ్లజోళ్ల దుకాణంలో. ఆకురాయి నా చేతికి అలవాటే, గరుకంతా పోయి నున్నగా వచ్చింది. ఆయన చూసి, పాపం ఆ గిన్నె ఏం తప్పు చేసిందని అడిగారు.

మార్చి 12
పొయ్యి. పక్కింటి పిల్లి తిండి టిన్ను అడిగి తెచ్చుకున్నాను. బాల్కనీలో పెట్టి, కాస్త స్పిరిట్ పోసి అంటించాను. మంట బాగానే వచ్చింది. గిన్నె పెట్టగానే ఠక్కున ఆరిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. తల ప్రాణం తోకకొచ్చింది.

మార్చి 13
గాలి! గిన్నె వచ్చి మూతలా కూర్చుంటే మంటకు గాలెక్కడిది? కాగితాలకు చిల్లులు పెట్టే పంచ్ తీసుకుని టిన్ను అంచు కింద చుట్టూ పొడిచాను. ఈసారి మంట చిల్లుల్లోంచి బయటికొచ్చి గిన్నె అడుగును పట్టుకుంది. నీళ్లు మరిగాయి. ఆయన్ని పిలిచి మరీ చూపించాను. మెచ్చుకున్నారు, కానీ అంతసేపూ నీళ్ల బకెట్ చేతిలో పట్టుకునే ఉన్నారు.

మార్చి 17
ఆయన లంచ్ బ్యాగ్ కత్తిరించాను. లోపల మెరిసే మందపాటి పొర ఉంటుంది కదా, దాంతో గిన్నెకు తొడుగు కుట్టాను. మరిగిన నీళ్లలో ఓట్స్ వేసి అందులో పెడితే దానంతటదే ఉడికిపోయింది. ఆయన మూతి ముడుచుకుని లంచ్ డబ్బా బూట్ల సంచిలో పెట్టుకెళ్లారు. కొత్త బూట్లా అని ఆఫీసులో అందరూ అడిగారట. నవ్వు ఆపుకోలేకపోయాను.

మార్చి 18
మూతకు కేక్ ట్రే అడుగు. గాలికి అడ్డంగా నాలుగు మడతల ఫాయిల్. చెక్క గరిటె కాడ సగానికి నరికేశాను. అన్నీ కలిపి తూచాను. సరిపోయింది. సరిపోయింది!

మార్చి 24
ఊరి చివరి గుట్ట మీద టెస్టు. వదిన వచ్చి, చేతులు కట్టుకుని రాయి మీద కూర్చుంది. నీళ్లు మరిగాయి. దించాలి. అలవాటుగా చెయ్యి పక్కకు చాపాను. అక్కడేమీ లేదు.

బాల్కనీలో ప్రతిసారీ వంటింటి కిటికీలోంచి చెయ్యి పెట్టి, మేకుకున్న పట్టకారు అందుకునేదాన్ని. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి, అదీ సామానేనని నాకు తట్టనే లేదు. గరిటె కాడ బరువు కూడా లెక్కగట్టిన మనిషిని! చివరికి మేజోళ్లు విప్పి చేతులకు తొడుక్కుని దించాను. సగం నీళ్లు నేలపాలు.

వదిన నవ్వు ఆపుకుంటూ, ఆ పట్టకారు నేను తెస్తాలే, అదేం బరువు అంది. నాకు ఒళ్లు మండింది. ఇవాళ పట్టకారు, రేపు దుప్పటి, ఎల్లుండి మళ్లీ నన్నే మోస్తావు అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ దిగేటప్పుడు చాలా ముందు నడిచింది.

మార్చి 25
అలా అనకుండా ఉండాల్సింది. కానీ అన్నది నిజమే.

మార్చి 26
వదిన ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. ఆ రెండు నెలలూ నువ్వు మళ్లీ నడుస్తావో లేదోనని నాకు భయం, అదింకా పోలేదు, అందుకే చెయ్యి ముందుకొచ్చేస్తుంది అంది. నాకు స్నానం చేయించి పడుకోబెట్టాక బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చేదట. నాకు తెలియదు. బట్టలు ఉతుకుతోందనుకునేదాన్ని.

తర్వాత ఆవిడే అడిగింది, మరి ఆ గిన్నె ఎలా దించుతావే అని.

మార్చి 27
హ్యాంగర్ తీగ. రివెట్లు ఊడిన చిల్లుల్లోంచి దూర్చి పైకి వంచాను, బకెట్‌కున్నట్టు. మళ్లీ తూచాను. పర్లేదు.

ఏప్రిల్ 6, కొండ మీద, సాయంత్రం
గాలి బాగా ఉంది. నీళ్లు ఇంకా మరగలేదు. వదిన తన పొయ్యి దగ్గర, నేను నా పొయ్యి దగ్గర.

పొద్దున్నుంచీ నడుము గుర్తే రాలేదు. ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.